'వింటర్ స్లీప్' చూశాను. నిద్రొచ్చింది నాకొక్కడికేనా?

సిరిపురం_సింగిల్
ఆదివారం సాయంత్రం ఒక చిన్న హాల్లో వేస్తే వెళ్లాను. టర్కీ సినిమా, నూరి బిల్గే జేలాన్ తీశాడు. 2014లో కేన్స్ చిత్రోత్సవంలో పామ్ డోర్ వచ్చింది, అక్కడ అదే పెద్ద అవార్డు. తీసుకెళ్లిన ఫ్రెండ్ "చూశాక వేరే మనిషివైపోతావ్" అని దారంతా ఊదరగొట్టాడు. నిడివి 196 నిమిషాలు. రాళ్ల గుట్టల్లో ఒక హోటలు. దాని ఓనరు ఐదిన్ అనే పెద్దాయన, ఒకప్పుడు నాటకాల్లో వేసేవాడు. వయసులో బాగా చిన్నదైన భార్య నిహాల్. విడాకులై వచ్చి అక్కడే ఉంటున్న ఆయన తోబుట్టువు నెజ్లా. వీళ్లు ఒక గదిలో కూర్చుని మాట్లాడుకుంటారు, లేచి ఇంకో గదిలోకి వెళ్లి మాట్లాడుకుంటారు. బయట చలి. అదే సినిమా.

నా పక్కాయన గంటకే గురక మొదలెట్టాడు. లైట్లు వేయగానే అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టాడు. అక్కడ ఒళ్లు మండింది నాకు. ఇలాంటివి నిజంగా నచ్చుతాయా, నచ్చలేదంటే నలుగురిలో చిన్నబోతామనా? చూసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

మురీమిక్చర్
చప్పట్లు సినిమాకి కాదేమో. అయిపోయినందుకు.

మూడో_షో
నేనూ అదే హాల్లో వెనక వరసలో ఉన్నా. గంటన్నర చూసి బయటపడ్డా. ఐదిన్ పత్రికలో రాసే వ్యాసాల గురించి చర్చ మొదలెట్టగానే నాకు ఓపిక అయిపోయింది. విశాఖ జగదాంబ థియేటర్లో ఈలలేసి పెరిగినోళ్లం, మనకెందుకు ఇవన్నీ.

ఉక్కునగరం77
196 నిమిషాలకే ఇంత గోలేటి బాబూ. 1977లో దానవీరశూరకర్ణ నిడివి నాలుగు గంటలకి దగ్గర. ఎన్టీఆర్ మూడు వేషాలు కట్టి, డైరెక్షన్ కూడా ఆయనే చేశారు. అందులో ఉన్నదేంటి? మాటలే. పేజీలకి పేజీలు మాటలు. నేలలో కూర్చుని మళ్లీ మళ్లీ చూశాం. అంతకుముందు మా నాన్నల కాలంలో రాత్రి భోజనాలయ్యాక మొదలుపెట్టి తెల్లారేదాకా పద్యనాటకాలు చూసేవారు. నిడివి మనకి ఎప్పుడూ అడ్డం కాలేదు. మాట్లాడేవాడి మీద మనకి పట్టింపు కలిగిందా లేదా, అదొక్కటే చూడాలి. నాకు ఐదిన్ మీద కలిగింది. రిటైరైన మనిషిని కదా, అతని రోగం నాకు కొంచెం తెలుసు.

మూడో_షో
దానవీరశూరకర్ణలో కురుక్షేత్రం ఉంది సార్. ఇందులో కారు అద్దం పగిలింది. అంతే.

ఎమ్వీపీ_అమ్మ
నువ్వు గంటన్నరకే లేచిపోయావు కాబట్టి కురుక్షేత్రం మిస్సయ్యావు తమ్ముడూ. ఐదిన్ బల్ల దగ్గర కూర్చుని ఏదో రాసుకుంటుంటాడు. నెజ్లా వెనక సోఫాలో పడుకుని, తోడబుట్టినవాడి వీపు చూస్తూ ఒక్కో మాటా వదులుతుంది. "నువ్వు రాసేవన్నీ తేలిక మాటలు, నీకు ఖర్చు లేని మంచితనం" అనే అర్థం వచ్చేట్టు. ఆయన తిరిగి అంటాడు, ఆమె ఇంకాస్త లోతుకి పొడుస్తుంది. గొంతులు పెరగవు. తలుపులు బాదుకోవు. ఆడపడుచుతో ఒకే ఇంట్లో కాపురం చేసినవాళ్లెవరైనా ఆ సీన్లో నిద్రపోగలిగారంటే వాళ్లకి దండం పెడతాను.

మురీమిక్చర్
మా ఇంట్లో ఇది రోజూ ఫ్రీ షో. టర్కీ దాకా ఎందుకండీ.

మోడరేటర్
ఇక్కడి నుంచి కథంతా బయటపడుతుంది. చూడనివాళ్లు ఇక్కడే దిగిపోండి. తర్వాత నన్ను తిట్టొద్దు.

లంబసింగి_లైట్లు
ఫొటోలు తీసేవాణ్ని కాబట్టి ఆ వైపు నుంచి ఒక మాట. జేలాన్ స్టిల్ ఫొటోగ్రఫీ నుంచి వచ్చినవాడు. కెమెరామన్ గోఖాన్ తిర్యాకి. సినిమా జరిగేది కప్పడోకియాలో. ఎప్పుడో అగ్నిపర్వతాలు కక్కిన బూడిద గట్టిపడి మెత్తటి రాయి అయితే, దాన్ని తొలిచి ఇళ్లు, చర్చిలు కట్టుకున్న ప్రాంతం. టూరిస్టు పోస్టర్లలో బెలూన్లతో కనిపిస్తుంది. ఇతను ఆ బెలూన్ల జోలికే పోలేదు. సినిమాలో చాలాసేపు మంచు కూడా ఉండదు, బురద ఉంటుంది. బయటంతా బూడిద రంగు, లోపల పసుపు దీపాల వెలుగు, మొహం సగం చీకట్లో. మంచు పడేసరికి ఇంట్లో ఎవరికెవరూ మిగల్లేదు.

డిసెంబర్ వస్తే మనవాళ్లు అర్ధరాత్రి కార్లు తీసి లంబసింగి పోతారు. మంకీ క్యాపులు పెట్టుకుని, చలిమంట దగ్గర సెల్ఫీ దిగి, ఎండెక్కేసరికి వెనక్కి. మనకి చలి అంటే వెళ్లి చూసి వచ్చేది. వాళ్లకి చలి అంటే నచ్చని మనుషులతో నెలల తరబడి ఒకే కప్పు కింద ఉండాల్సి రావడం. విశాఖలో ఎంత గొడవైనా చెప్పులేసుకుని బీచ్‌కి పోవచ్చు. అక్కడ ఆ దారి లేదు. సినిమా అంతా ఆ గదుల్లోనే ఎందుకుందో నాకు అలా అర్థమైంది.

సిరిపురం_సింగిల్
ఫొటోలు బాగున్నాయంటే ఒప్పుకుంటా. అవి ఎగ్జిబిషన్లో పెడితే పావుగంటలో చూసి వచ్చేసేవాణ్ని కదా.

పాతబస్తా_పుస్తకాలు
దీనికి మూలం రష్యన్ రచయిత చెఖోవ్. ముఖ్యంగా 1892లో రాసిన 'భార్య' అనే కథ. అందులో ఊళ్లో కరువు వస్తుంది. డబ్బున్న మొగుడు, అతనికి దూరంగా అదే ఇంట్లో ఉండే భార్య. ఆమె కరువు సాయం కోసం చందాలు పోగుచేస్తుంది. అతను మధ్యలో దూరి లెక్కలు చూస్తానంటాడు. చివరికి పీటర్స్‌బర్గ్ వెళ్లిపోతున్నానని బయల్దేరి, దగ్గర్లో ఒక పరిచయస్తుడి ఇంట్లో తిని తాగి ఇంటికి వచ్చేస్తాడు. సినిమాలో కరువు బదులు బడుల మరమ్మతు, పీటర్స్‌బర్గ్ బదులు ఇస్తాంబుల్. అద్దెకున్న ఇస్మాయిల్, అతని కొడుకు ఇలియాస్ కథ మాత్రం దొస్తయేవ్‌స్కీ 'కరమజోవ్ సోదరులు' నుంచి. అక్కడ అవమానం పడ్డ కెప్టెన్ తనకి ఇచ్చిన నోట్లని కాళ్లతో తొక్కుతాడు. అతని కొడుకూ రాళ్లు విసిరేవాడే.

మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర షాపుకి వచ్చిన చవక పుస్తకాలతో పెరిగిన తరం మాది. సినిమా మొదలైన అరగంటకే నాకు తెలిసినవాళ్ల ఇంటికి వచ్చినట్టు అనిపించింది. బోర్ అన్న మాటే గుర్తు రాలేదు.

మురీమిక్చర్
సిలబస్ ఇంత ఉందని హాలు బయట బోర్డు పెట్టాల్సింది మాస్టారూ. మేం ప్రిపేరై వచ్చేవాళ్లం.

సిరిపురం_సింగిల్
నేను అడిగేదీ అదే. పుస్తకం చదివినవాడికే రుచి తెలిసేట్టయితే అది సినిమా లోపం కదా?

ఎమ్వీపీ_అమ్మ
నేను చెఖోవ్‌ని ఒక్క ముక్క చదవలేదు. నాకు నచ్చింది.

గాజువాక_ఓనరు
నాకు ఒక డౌటు, కోపగించుకోకండి. సినిమా చూస్తే ఐదిన్ విలన్ అన్నట్టుంది, అతను చేసిన తప్పేంటి? నాకూ అద్దెకిచ్చిన పోర్షన్లు ఉన్నాయి. ఇస్మాయిల్ నెలల తరబడి అద్దె కట్టలేదు. ఐదిన్ లాయరుని పెట్టుకుని పద్ధతి ప్రకారం వెళ్లాడు, జప్తువాళ్లు టీవీ, ఫ్రిజ్ పట్టుకుపోయారు. అంతా చట్టప్రకారమే. దానికి ఆ గుంటడు రాయి విసిరి కారు అద్దం పగలగొట్టాడు. మా పోర్షన్లో ఒకాయన ఐదు నెలలు ఎగ్గొట్టి రాత్రికి రాత్రి ఖాళీ చేశాడు, పోతూ పోతూ ఫ్యాను కూడా ఇప్పుకెళ్లాడు. నా మీద ఎవరూ సినిమా తీయలేదు.

మురీమిక్చర్
ఫ్యాను మీద తీయొచ్చు. మూడు గంటలు తిరుగుతూనే ఉంటుంది.

పాతబస్తా_పుస్తకాలు
ఓనరుగారూ, చట్టం మాట నిజమే. రావిశాస్త్రి ప్లీడరీ చేసిన ఊళ్లో ఉంటూ, చట్టప్రకారం జరిగినవన్నీ న్యాయమేనా అని నేను మీకు చెప్పాలా. ఐదిన్ అద్దె అడగడం తప్పు కాదు. తనకి ఏమీ తెలియనట్టు ఉండటం చూడండి. "అవన్నీ మేనేజరు హిదాయెత్ చూసుకుంటాడు, లాయర్లు చూసుకుంటారు" అంటాడు. కిరాయి తనకి కావాలి, కిరాయి వసూలు చేసేవాడి మొహం మాత్రం వేరేవాడిది కావాలి. ఇంకోపక్క ఇస్మాయిల్ తమ్ముడు, ఇమామ్ హమ్దీ, తన అన్న తరఫున క్షమాపణ చెప్పడానికి బురదలో అంత దూరం నడిచివస్తే, మతపెద్దలు శుభ్రంగా ఉండాలని పత్రికలో వ్యాసం రాస్తాడు.

గాజువాక_ఓనరు
వ్యాసం రాయడం తప్పే. అద్దె అడగడం తప్పు కాదు. అంతవరకే నేనన్నది.

తీరంవెంట
ఇలియాస్‌ని తీసుకొచ్చి ఐదిన్ చెయ్యి ముద్దు పెట్టుకోమనే సీను ఎవరూ ఎత్తలేదేంటి? హమ్దీ నవ్వుతూ బతిమాలుతుంటాడు, ఐదిన్ "అబ్బే, ఇవన్నీ ఎందుకు" అంటూనే చెయ్యి చాపుతాడు. పిల్లాడు ఆ చేతినే చూస్తూ చూస్తూ స్పృహ తప్పి పడిపోతాడు. నేను ప్రైవేటు స్కూల్లో పనిచేశాను. ఫీజు కట్టలేదని పిల్లల్ని బయట నిలబెట్టడం, ఆ తర్వాత సారీ చెప్పించడం చూశాను. ఆ చెయ్యి చాపే తీరు నాకు బాగా తెలుసు. రెండు రోజులు అన్నం సహించలేదు.

మూడో_షో
సరే, ఈ సీన్ వరకు నేనున్నాను. ఇది బాగుంది. ఇలాంటివి నాలుగు పెట్టి రెండు గంటల్లో ముగిస్తే ఏం పోయింది?

ఉక్కునగరం77
పాయింటే. నెజ్లాతో చర్చ ఒక పది నిమిషాలు కోసేసినా నష్టం లేదనిపించింది నాకు. చెడుని ఎదిరించకుండా వదిలేస్తే ఎదుటివాడే సిగ్గుపడి మారతాడా అన్న చర్చ. మొదట బాగానే ఉంటుంది, తర్వాత అక్కడక్కడే తిరుగుతుంది.

ఎమ్వీపీ_అమ్మ
అక్కడక్కడే తిరగకపోతే అది ఇంటి గొడవ ఎలా అవుతుంది సార్?

సాఫ్ట్‌వేర్_రుషికొండ
నా పాయింట్ వేరు. నాకు నిహాల్ మీద అస్సలు జాలి రాలేదు. తిండి ఆయనది, ఇల్లు ఆయనది, పనీపాటా లేదు, ఆయన్ని మాత్రం మనిషిలా చూడదు. బడుల కోసం చందాలు పోగుచేస్తోంది, రసీదులు సరిగ్గా లేవు. ఐదిన్ లెక్కలు చూస్తానన్నాడు, మంచి మాటే కదా. మా ఆఫీసులో ఆడిట్ లేకుండా వంద రూపాయలు కూడా కదలవు.

ఎమ్వీపీ_అమ్మ
దీనికి కొంచెం పొడుగ్గా చెప్పాలి. పిల్లలు పెద్దవాళ్లయ్యాక నేను ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మడం మొదలెట్టాను. ఆవకాయ, మాగాయ, ఉసిరి. కాలనీలో బాగానే నడిచింది. లెక్కలన్నీ పాత డైరీలో, నా పద్ధతిలో. ఒకరోజు మావారు "సాయం చేస్తాను" అని ఆ డైరీ తీసుకుని కూర్చున్నారు. ఇక్కడ ఇరవై తేడా, అక్కడ నూనె ధర తప్పు, ఈవిడకి అప్పు ఎందుకిచ్చావ్. కంప్యూటర్లో షీట్ చేసి ఇచ్చారు. తప్పేమీ అనలేదు, గొంతూ పెంచలేదు. మరుసటి వేసవికి నేను కాయ కొనలేదు. ఆయనకి ఈరోజుకీ ఎందుకో తెలీదు. నిహాల్ కాగితాలు ముందేసుకుని ఐదిన్ ఓపిగ్గా, తియ్యగా మాట్లాడుతుంటే నాకు ఆ డైరీయే కనిపించింది. లెక్క సరిగ్గా ఉందా లేదా అన్నది కాదు బాబూ. ఆమెకంటూ ఉన్నది ఆ ఒక్క పనే, అందులోకీ చెప్పులతో వచ్చేశాడు.

సాఫ్ట్‌వేర్_రుషికొండ
అలా చూడలేదండీ. అయినా ఆమె తర్వాత చేసిన పని నాకు నచ్చలేదు. ఐదిన్ ఇస్తాంబుల్‌కని బయల్దేరుతూ చందాగా ఇచ్చిన పెద్ద మొత్తం తీసుకెళ్లి ఇస్మాయిల్ ఇంట్లో పెట్టడం. అది కూడా చెప్పులతో దూరడమే కదా?

ఎమ్వీపీ_అమ్మ
అవును. అది ఒప్పుకుంటా.

జాలరిపేట_పిల్ల
నేను ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాయలేదు. ఈ సీన్ గురించి రాయాలి.

ఈ సినిమాకి కేన్స్‌లో అవార్డు వచ్చిన ఏడాదే ఇక్కడ హుద్‌హుద్ తుఫాను. అక్టోబర్ 12. చిన్నపిల్లని నేను. మా ఇంటి రేకులు లేచిపోయాయి, కరెంటు లేదు, పాల ప్యాకెట్ కోసం కొట్టుకునే పరిస్థితి. తర్వాత ఎవరో కార్లలో వచ్చి బియ్యం, దుప్పట్లు పంచారు. మంచివాళ్లే, వాళ్లని ఏమీ అనను. దుప్పటి చేతిలో పెట్టేటప్పుడు ఒక్కొక్కరినీ ఫొటో తీస్తున్నారు. నాన్న అది చూసి లైన్లోంచి బయటికొచ్చేశాడు. అమ్మ వెళ్లి నిలబడింది. నవ్వమంటే నవ్వింది. ఆ రాత్రి మేమంతా దుప్పటి కప్పుకున్నాం, నాన్న తడి గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

ఇస్మాయిల్ ఆ నోట్లు లెక్కపెడుతూ, ఇది తండ్రి పరువు నిలబెట్టాలని ప్రాణం మీదకి తెచ్చుకున్న ఇలియాస్‌కి, ఇది అందరి చేతులూ పట్టుకుని తిరుగుతున్న తమ్ముడు హమ్దీకి, ఇది తాగుబోతునైన నాకు అని వాటాలు వేస్తాడు కదా. ఆ తర్వాత మొత్తం తీసి మంటలో వేస్తాడు. నిహాల్ ఏడుస్తుంది. హాల్లో అందరూ ఆమెనే చూశారేమో. నేను అతన్నే చూశాను. నాన్నకి అంత డబ్బు ఎవరైనా ఇచ్చి ఉంటే అదే చేసేవాడు.

మురీమిక్చర్
దీని మీద జోకు లేదమ్మా. రాస్తూ ఉండు.

తీరంవెంట
మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఒకటి అడుగుతా. మీ అమ్మ నవ్వి తెచ్చిన దుప్పటి సంగతి? ఇస్మాయిల్ ఆ వాటాలు వేసేటప్పుడు ఒక్కొక్కరి పేరూ చెప్పాడు, చెప్పి వాళ్లందరి వాటా కలిపి కాల్చేశాడు. ఇంట్లో ముసలి తల్లి ఉంది, చదువుకోవాల్సిన పిల్లాడున్నాడు. ఎవరినీ అడగలేదు. పరువు అతనికి, ఆకలి అందరికీ.

జాలరిపేట_పిల్ల
అమ్మ కూడా నాన్నని అదే అంది. ఇప్పటికీ అంటుంది. ఇద్దరిలో ఎవరు కరెక్టో నేను చెప్పలేను, మీరు చెప్పగలిగితే చెప్పండి.

గాజువాక_ఓనరు
నిప్పులో వేసే హక్కు అతనికి లేదు. అందులో అద్దె బాకీ కూడా ఉంది.

పాతబస్తా_పుస్తకాలు
దొస్తయేవ్‌స్కీ కెప్టెన్ నోట్లు తొక్కుతాడు కానీ కాల్చడు. తర్వాత కుటుంబం ఆ డబ్బు తీసుకునే దారి మిగులుతుంది. జేలాన్ ఆ దారి మూసేశాడు. అందుకే ఈ సీను ఇంత గట్టిగా తగిలింది, అందుకే మీ ఇద్దరూ ఒప్పుకోలేకపోతున్నారు కూడా.

సిరిపురం_సింగిల్
ఒక నిజం చెప్తా. ఆ మంట సీన్లో నా పక్క గురకాయన కూడా కళ్లు తెరుచుకునే ఉన్నాడు. హాలు మొత్తం చప్పుడు లేదు. కానీ ఆ ఒక్క సీన్ కోసం మూడు గంటలు కూర్చోబెట్టాలా? నా కంప్లయింట్ అలాగే ఉంది.

లంబసింగి_లైట్లు
ఆ సీన్ ఒక్కటే కత్తిరించి ఫోన్లో చూపిస్తే ఏడుపొస్తుందా? ఆ డబ్బు ఎవరిది, ఎవరు ఎవరి మీద గెలవడానికి ఇచ్చారు, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఇవన్నీ తెలియడానికే ఆ గదులన్నీ.

మూడో_షో
మన కేరాఫ్ కంచరపాలెం కూడా నెమ్మదైన సినిమానే. కొత్తవాళ్లే నటించారు, ఫైట్లు లేవు. అయినా ఎక్కడా లేవాలనిపించలేదు. 2018లో హాలు నిండా మనవాళ్లే. నెమ్మది అంటే నాకు పడదని కాదు అని చెప్పడానికి ఇది.

ఉక్కునగరం77
అందులో మన వీధులున్నాయి కదా అబ్బాయ్. మన వీధి అయితే నువ్వు ఖాళీ ఫ్రేము కూడా చూస్తావు. కప్పడోకియావాళ్లకి ఆ బురద వాళ్ల వీధే.

మురీమిక్చర్
నాకు నచ్చిన పాత్ర ఒక్కటే, గుర్రం. హోటలు వెబ్‌సైట్లో గుర్రాల బొమ్మ ఉంది, ఇక్కడ గుర్రాలేవీ అని ఒక బైకు కుర్రాడు అడిగితే, ఐదిన్ అడవి గుర్రాన్ని కొనేస్తాడు. దాన్ని నీళ్లలో పడేసి పట్టుకునే సీను చూడలేకపోయా. తర్వాత ఒకరాత్రి వదిలేస్తాడు. మొత్తం సినిమాలో డైలాగు లేకుండా పని పూర్తి చేసుకుని వెళ్లింది అదొక్కటే. మన బీచ్‌లో పిల్లల్ని మోసే గుర్రాలకి ఈ సినిమా చూపించకండి, యూనియన్ పెడతాయి.

తీరంవెంట
వెనక పియానో ఎవరైనా పట్టుకున్నారా? షూబర్ట్ అనే సంగీతకారుడు 1828లో, చనిపోయిన ఏడాది, పియానో కోసం రాసిన ఒక సొనాటాలో భాగం అది. సినిమా అంతా అదొక్కటే, కొంచెం కొంచెంగా వస్తుంది. నేను ఆ రాత్రి ఇంటికొచ్చి పూర్తిగా విన్నాను. మధ్యలో ఒక్కసారిగా తుఫానులా విరుచుకుపడే చోటుంది, సినిమాలో ఆ ముక్క మాత్రం వాడలేదు. నాకు అదే బాగా నచ్చిన నిర్ణయం.

సాఫ్ట్‌వేర్_రుషికొండ
చివర ఐదిన్ ఇస్తాంబుల్ వెళ్లకుండా తిరిగొస్తాడు, కిటికీలో నిహాల్ కనిపిస్తుంది, లోపల ఆయన గొంతు వినిపిస్తుంది. నువ్వు లేకుండా ఉండలేను, నీ సేవకుడిలా పడుంటాను అన్నట్టు. మారాడనే కదా?

ఎమ్వీపీ_అమ్మ
అదంతా మనకి చెప్పాడు. ఆమెకి ఒక్క ముక్క పైకి చెప్పాడా? నోరు విప్పినట్టు ఎక్కడా లేదు. తర్వాత వెళ్లి కూర్చుని టర్కీ నాటకరంగ చరిత్ర రాయడం మొదలెట్టాడు. మారలేదు, పని దొరికింది.

ఉక్కునగరం77
ఆ వయసులో పని దొరకడం చిన్న మార్పు కాదమ్మా.

ఎమ్వీపీ_అమ్మ
ఆయనకి చిన్నది కాదు సార్. ఆమెకి?

సిరిపురం_సింగిల్
అవార్డు తీసుకునేటప్పుడు జేలాన్ దాన్ని గడిచిన ఏడాది కాలంలో ప్రాణాలు పోగొట్టుకున్న టర్కీ యువతకి అంకితమిచ్చాడని ఫ్రెండ్ చెప్పాడు. సినిమాలో రాజకీయం ఒక్క ముక్క కనిపించలేదే నాకు.

పాతబస్తా_పుస్తకాలు
అద్దె, జప్తు, రాయి, చందా, మంట. ఇంకే రాజకీయం కావాలి నాయనా.

గాజువాక_ఓనరు
అందరూ పెద్ద పెద్ద విషయాలు మాట్లాడుతున్నారు, ఒకటి మాత్రం వదిలేశారు. నోట్లు కాలిపోయాయి. మరుసటి నెల హిదాయెత్ మళ్లీ ఆ ఇంటికి అద్దెకి వెళ్తాడు కదా. అప్పుడు ఎవరు తలుపు తీస్తారు?

జాలరిపేట_పిల్ల
హమ్దీ. నవ్వుతూ. ఇంకెవరు.

మురీమిక్చర్
అన్న కాల్చిన డబ్బుకి తమ్ముడు వడ్డీ కట్టుకోవాలి. మన దగ్గరా అంతేగా.

గాజువాక_ఓనరు
హమ్దీ అయితే నేను ఇంకో రెండు నెలలు టైమిస్తాను. ఇస్మాయిల్ తలుపు తీస్తే ఇవ్వను.